తాకని పట్టు

కయానీలో ఫిబ్రవరి.
గరాజు తలుపు సందులోంచి మంచుపొడి
పిల్లిలా దూరి, హీటరు ముందు నీళ్ళయిపోతోంది.
నా ఎడమచేతి చూపుడువేలి కొస
ఇంకా తెల్లగానే ఉంది.
మూడేళ్ళ కింద రిజర్వు శిక్షణలో,
మైనస్ ఇరవై ఎనిమిదిలో,
గ్లౌజుకి పడ్డ చిన్న చిల్లు వెతుక్కుని మరీ
అల్యూమినియం కొరికిన చోటు అది.

అందుకే ఈసారి తొందరపడలేదు.
పన్నెండు రాత్రులు నాతో నేనే బేరమాడాను.
పదిహేను అంగుళాలదా, పదమూడుదా?
పొడుగుదైతే చెయ్యి చాచి పట్టొచ్చు, గురి నిలుస్తుంది.
కానీ ముక్కు బరువు.
పరుగు సగంలో ఉండగానే భుజం
అప్పులవాడిలా తలుపు కొడుతుంది.
పైన కొసదాకా పళ్ళున్నదా,
నున్నగా ఉండి పక్కల చీలికలున్నదా?
పళ్ళున్నదాని బొమ్మ చూసి
మా చెల్లెలి కూతురు వెన్లా అరిచింది:
"రైలు పట్టా! కింద దుంగలు కూడా ఉన్నాయి!"
నిజమే.
నేను తగిలించేది ఒక లైటు, ఒక బెల్టు కొక్కెం.
రెండు పెట్టెల బండికి ఇంత పట్టా ఎందుకు?

చివరికి కార్బన్ ఫైబర్‌ది, పదమూడు, నున్నటిది.
ధర చూసి గుటక మింగాను.
కొత్త బూట్లు వచ్చే చలికాలానికి.

ఉర్హో కెంప్పైనెన్ వచ్చాడు, ఫ్లాస్కుతో.
కాగితపు మిల్లులో ముప్ఫై నాలుగేళ్ళు ఫిట్టరు.
మిల్లు మూతపడ్డాక ఊళ్ళో మొరాయించిన నట్లన్నీ ఆయనవే.
ముందు మ్యాగజైను తీశాడు, బోల్టు లాగాడు,
లోపలికి చూశాడు, చిటికెనవేలు పెట్టాడు.
"కన్ను అబద్ధమాడుతుంది. వేలు ఆడదు."
నా వేలు ఆడుతుంది, అనలేదు నేను.
కుడిచేతి వేలు పెట్టి సరే అన్నాను.

పాత నట్టు ఏడు చలికాలాలుగా కాపురముంది.
కదలనంది.
నూనె వేశాం. కాఫీ తాగాం. వేడిగాలి పట్టాం.
మళ్ళీ కాఫీ.
ఉర్హో దాన్ని ఒక్క మాట అనలేదు;
తిడితే ఇంకా బిగుస్తుందట.
సాయంత్రం నాలుగుకి, వెలుతురు పోయాక,
టక్.
మార్చి చివర సరస్సు మీద
మొదటి పగులు ఇలాగే వినిపిస్తుంది,
ఒక్కసారి, తర్వాత ఏమీ ఉండదు.

కొత్త నట్టుకి గ్రీజు రాసి
బిగించి, వదిలి, బిగించి, వదిలి, బిగించాం.
ఆయన చేతి లెక్క చాలన్నాడు.
నేను కొలత చూపే రెంచి తెచ్చాను.
మొహం చిన్నబుచ్చుకున్నాడు కాసేపు.
గ్యాస్ గొట్టం దూరాల్సిన కన్నం
వెంట్రుకవాసి పక్కకి నిలిచింది.
నట్టు కింద పలుచని రేకు వెయ్యాలి.
ఉర్హో కళ్ళు మూసుకుని
ఒక్కో రేకునీ రెండువేళ్ళ మధ్య నలిపాడు.
"మిల్లులో కాగితం మందం ఇలాగే చెప్పేవాణ్ణి. ఇది."
అది కాదు.
ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.
పక్క రేకు సరిపోయింది.

ఇక తొడుగు.
నట్టు మీదికి జారింది, ఆరు స్క్రూలు,
ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా.
పై గీత మీద గోరు లాగాను,
రిసీవరు దాటి రెయిలు మీదికి;
మెట్టు తగల్లేదు.
ఉర్హో పర్సులోంచి కాగితపు చీలిక తీశాడు,
మిల్లు ఆఖరి రోజు, ఆఖరి రోలుది.
బారెల్‌కీ తొడుగుకీ మధ్య దూర్చి
చుట్టూ తిప్పాడు.
ఎక్కడా ఆగలేదు.
నేను ఎంత గట్టిగా పట్టుకున్నా
ఆ గొట్టానికి నా చెయ్యి తెలియదు.
తెలియకపోతేనే తిన్నగా చెబుతుంది.

బయట మైనస్ ఇరవై రెండు.
మెట్ల మీద గ్లౌజు తీసి
తెల్లవేలు ఆనించాను.
కొరకలేదు.
లేక కొరికినా ఆ వేలు నాకు చెప్పలేదు.
తుపాకీ ఉర్హోకి అందించాను.
వట్టి అరచెయ్యి వేసి,
వెనకింటి పొగ వంక చూస్తూ చాలాసేపు ఉంచాడు.
"ఊ" అన్నాడు.
మా వైపు అది ఉపన్యాసం.

తర్వాత కాగితపు చీలికని
మడత పడకుండా పర్సులో పెట్టుకుని
ఫ్లాస్కు మర్చిపోయి వెళ్ళాడు.